నెల్లూరోళ్ళకి ముందే చెప్తున్నా: గాడిద పోస్టర్ కామెడీకి పిలకాయల్ని తీసుకెళ్ళొద్దు

ఈ వారం నెల్లూర్లో ఆడతన్న కొత్త కామెడీకి ఇంటిల్లిపాదికీ టికెట్లు బుక్ చేద్దామనుకుంటుంటే కాసేపు ఆగండి. సినిమా పేరు రాయను, రాస్తే ఫ్యాన్స్ వచ్చి మీద పడతారు. గుర్తు చెప్తా: హీరో నల్ల కళ్ళజోడు పెట్టుకుని, గాడిద మీద వెనక్కి తిరిగి కూర్చుని పళ్ళికిలిస్తుంటాడే, ఆ పోస్టర్. ట్రంకు రోడ్డు పొడుగునా అదే అంటించారు.

ట్రైలర్ చూసి మోసపోకండి. అందులో మనం నవ్విన ప్రతి ముక్కా పోస్టుమాన్ వేషం వేసిన సైడు కమెడియన్‌ది. ఊళ్ళో వాళ్ళందరి ఉత్తరాలూ ముందు తనే చదివేసి, "మీవాడు డబ్బులు పంపలా గానీ, అక్షరాలు మాత్రం ముత్యాల్లా రాశాడమ్మా" అని చేతికిచ్చే సీను బ్రహ్మాండం. ఆయన ఉండేది మొదటి అరగంటే. తర్వాత ట్రాన్స్‌ఫరై బస్సెక్కి వెళ్ళిపోతాడు, కామెడీ కూడా ఆయన సంచీలోనే వెళ్ళిపోయింది. అక్కణ్ణించి రెండు గంటలు హీరోతో వేగాలి.

ఆ హీరో ఎట్టాంటోడంటే, తండ్రి సైకిల్ షాపు గల్లాలో చెయ్యి పెడతాడు. స్నేహితుడి పేరు మీద అప్పు తెచ్చి తినేస్తాడు. హీరోయిన్ వద్దు పొమ్మంటే ఆమె ఆఫీసుకి ఆకాశరామన్న ఉత్తరం రాసి ఉద్యోగం ఊడగొడతాడు. వాడేదో చిలిపి పని చేసినట్టు వెనకాల పిల్లనగ్రోవి మ్యూజిక్కొకటి! ఇంతవరకూ ఎట్టాగో ఓర్చుకున్నాం. పెళ్ళిచూపుల సీనులో వాళ్ళక్క కాఫీ ట్రే పట్టుకుని వస్తుంది. ఆ అమ్మాయికి చిన్నప్పుడు పోలియో వచ్చి ఒక కాలు ఈడుస్తుంది. వీడు సోఫాలో కూర్చుని, ఆమె అడుగు పడ్డప్పుడల్లా స్టీలు పళ్ళెం మీద గరిటెతో తాళం వేస్తాడు. ఆ పిల్ల తడబడుతుంది, కాఫీ తొణికి ట్రేలో పడుతుంది, వీడు తాళం ఇంకా జోరు చేస్తాడు. పెళ్ళికొడుకు తరపు వాళ్ళు పగలబడి నవ్వుతారు. మనం కూడా నవ్వాలని డైరెక్టరు గారి ఆశ. ముందు వరసల్లో ఎవరో ఈల వేశారు, అంతే. మా నాన్న నా చెవి దగ్గరికొచ్చి "వీణ్ణి ఇంట్లో ఎవురూ కొట్టరేందిరా?" అన్నాడు. శుభం కార్డు పడేదాకా ఎవురూ కొట్టలా.

కామెడీలో చెడ్డోడు ఉండకూడదని కాదు నేననేది. 1987లో జంధ్యాల తీసిన 'అహ నా పెళ్ళంట'లో కోట శ్రీనివాసరావు పిసినారితనం తెలిసిందే కదా. కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తింటాడు. అట్టాంటోడు మన పక్కింట్లో ఉంటే భరించలేం, కానీ ఇప్పటికీ టీవీలో వస్తే రిమోట్ పక్కన పెట్టేస్తాం. ఎందుకంటే అక్కడ నవ్వులపాలయ్యేది ఆ పిసినారే. రాజేంద్రప్రసాద్ ఆడిన నాటకమంతా ఆయన్ని బుట్టలో వేసుకోడానికే. ఈ సినిమాలో నవ్వులపాలయ్యేది కుంటే అక్క, ముసలి తండ్రి, అప్పు కట్టలేక ఏడ్చే స్నేహితుడు. వీడికి మాత్రం స్లో మోషన్‌లో ఎంట్రీ.

క్లైమాక్స్ గురించి చెప్పేదేం లేదు. ఆసుపత్రి వరండాలో ఒక కన్నీటి బొట్టు, అందరూ క్షమించేస్తారు. ఉద్యోగం పోయిన అమ్మాయి అయితే ఏకంగా పెళ్ళే చేసుకుంటుంది.

పిలకాయలున్న వాళ్ళు ఇంకోటి గమనించండి. 2024లో యూఏ సర్టిఫికెట్టుని 7+, 13+, 16+ అని విడగొట్టారు. దీనికి ఇచ్చింది 13+. బుకింగ్ యాప్‌లో ఆ ముక్క సన్నగా ఉంటుంది, చూసుకోకుండా నొక్కేస్తాం. అదే ఏడాది జులైలో సుప్రీంకోర్టు ఒక హిందీ కామెడీ మీద వచ్చిన కేసులో, వైకల్యాన్ని కించపరిచే హాస్యం వేరు, దాన్ని అర్థం చేసుకోడానికి పనికొచ్చే హాస్యం వేరు అని విడమరిచి చెప్పింది. పళ్ళెం తాళం ఏ రకమో సెన్సారు వాళ్ళకి తట్టలేదు కాబోలు.

ఖర్చు సంగతి మీకు తెలిసిందే. వంద దాటిన టికెట్టు మీద 18 శాతం జీఎస్టీ, ఆన్‌లైన్లో కొంటే ఫీజు వేరే, ఇంటర్వెల్లో పాప్‌కార్న్ అసలు టికెట్టునే మించిపోద్ది. ఆ డబ్బులు పెడితే ఇంటిల్లిపాదికీ మలై కాజాలు వచ్చేవి. రిలీజు రోజు పొద్దున్నే యాప్‌లో కనిపించే రేటింగులు నమ్మి పరిగెత్తొద్దు. కావలి, ఆత్మకూరు నించి బస్సెక్కి వచ్చేవాళ్ళయితే సోమవారం దాకా ఆగి, చూసొచ్చిన వాళ్ళని నోటితో అడగండి.

ఎట్టాగూ ఓటీటీలో వస్తుంది. అప్పుడు పోస్టుమాన్ బస్సెక్కేదాకా చూసి ఆపేయండి.