ఎయిమ్స్ సీటా, పాత గవర్నమెంట్ కాలేజీ సీటా: ఏది మేలు?

నీట్ కౌన్సెలింగ్ మొదలైతే చాలు, తెలిసినవాళ్లంతా నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "మంగళగిరి ఎయిమ్స్ వచ్చేలా ఉంది, వైజాగ్ ఆంధ్రా మెడికల్ కాలేజీ కూడా వస్తుంది. ఏది పెట్టమంటారు?" తెలంగాణవాళ్లయితే బీబీనగర్ ఎయిమ్సా, ఉస్మానియా, గాంధీల్లో ఒకటా అని అడుగుతారు. ర్యాంకింగ్‌లో ఏది పైనుంటే అది పెట్టేస్తే సరిపోదా అనేవాళ్లూ ఉన్నారు. ఈ ఏడాది మా అన్నయ్య కూతురి విషయంలోనూ ఇదే లెక్క వేయాల్సి వచ్చింది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు ర్యాంకింగ్ సంగతి చూద్దాం. కేంద్ర ప్రభుత్వం ఏటా ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల మెడికల్ జాబితాలో ఢిల్లీ ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ, వేలూరు సీఎంసీ ఏళ్ల తరబడి మొదటి మూడు స్థానాల్లో ఉంటున్నాయి. వాటి గొప్పతనం గురించి వాదన అక్కర్లేదు. కానీ ఆ మార్కులు ఎలా వేస్తారో చూడండి. బోధన, వనరులకు 30 శాతం, పరిశోధనకు 30, చదువు పూర్తిచేసినవాళ్ల ఫలితాలకు 20, అన్ని వర్గాలకూ అందుబాటులో ఉన్నందుకు 10, జనంలో ఉన్న పేరుకు 10. పరిశోధన వ్యాసాలు ఎక్కువ రాసే సంస్థ పైకి రావడం న్యాయమే. అయితే హౌస్ సర్జన్సీ, అంటే కోర్సు చివర ఆస్పత్రిలో చేసే ఏడాది శిక్షణ, పూర్తయ్యేసరికి మీ అమ్మాయి సొంతంగా ఎన్ని కాన్పులు చేసి ఉంటుంది, ఎన్ని గాయాలకు కుట్లు వేసి ఉంటుంది అన్నది ఈ జాబితా చూస్తే తెలియదు. ఎంబీబీఎస్‌కి వెళ్లే పిల్లలకు కావాల్సింది మాత్రం అదే.

యూనివర్సిటీ పేరు కూడా ఇక్కడ పెద్దగా ఉపయోగపడదు. ఆంధ్రలో విజయవాడలోని డాక్టర్ ఎన్‌టీఆర్ హెల్త్ యూనివర్సిటీ, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు హెల్త్ యూనివర్సిటీ. వాటి కింద వందేళ్లు దాటిన ఆంధ్రా మెడికల్ కాలేజీ ఉంది, నిన్న మొన్న పెట్టిన కాలేజీ కూడా ఉంది. పరీక్ష పేపరు ఒకటే, పట్టా మీద యూనివర్సిటీ పేరూ ఒకటే. తేడా అంతా కాలేజీ వెనకున్న ఆస్పత్రిలో ఉంటుంది.

నా దృష్టిలో తేల్చేసే అంశం అదే. ఆస్పత్రికి ఎవరు వస్తారు, ఎంతమంది వస్తారు, వాళ్ల దగ్గరికి స్టూడెంట్‌ని ఎంతవరకు రానిస్తారు.

విశాఖ కేజీహెచ్‌నే (కింగ్ జార్జ్ ఆస్పత్రి) తీసుకోండి. 1923లో మొదలైన ఆంధ్రా మెడికల్ కాలేజీకి అనుబంధ ఆస్పత్రి అది. శ్రీకాకుళం, విజయనగరం, మన్యం ప్రాంతం, ఒడిశా దక్షిణ జిల్లాలు, ఇలా ఎక్కడెక్కడి జనమూ చివరికి అక్కడికే వస్తారు. ఏజెన్సీ నుంచి వచ్చే మలేరియా, సికిల్ సెల్ కేసులు, ఉద్దానం కిడ్నీ రోగులు, పాము కాట్లు, పురుగుమందు తాగినవాళ్లు, హైవే యాక్సిడెంట్లు. పుస్తకంలో ఒక పేరాగా చదివిన జబ్బు మరుసటి వారం మంచం మీద కనిపిస్తుంది. రాత్రి క్యాజువాలిటీలో సీనియర్ ఇంకో కేసులో ఉంటే ముందుగా చెయ్యి వేయాల్సింది హౌస్ సర్జనే. ఆ టెన్షన్‌లోనే డాక్టర్ తయారవుతాడు.

ఉస్మానియాది మరో రకం బలం. 1846లో మొదలైన ఆ కాలేజీ పిల్లలు ఒక్క ఉస్మానియా ఆస్పత్రికే పరిమితం కారు. పిల్లల జబ్బులకు నీలోఫర్, కళ్లకు సరోజినీదేవి, కాన్పులకు పేట్లబురుజు, క్యాన్సర్‌కు ఎంఎన్‌జే, మానసిక వైద్యానికి ఎర్రగడ్డ. ఒక్కో విభాగానికి ఒక్కో పెద్ద ఆస్పత్రి ఉండటం దేశంలో చాలా తక్కువ కాలేజీలకు దక్కిన అదృష్టం. గాంధీ ఆస్పత్రి 2020లో కోవిడ్ కేసుల భారం ఎలా మోసిందో హైదరాబాద్‌లో అందరికీ తెలుసు.

లోపాలు దాచాల్సిన పనిలేదు. ఈ కాలేజీల్లో బ్యాచ్‌కి 250 మంది. ఒక రోగి చుట్టూ పదిహేను మంది నిలబడితే వెనక వరసకు గుండె చప్పుడు వినే అవకాశమే రాదు. ఉస్మానియా పాత భవనంలోకి 2020 జులైలో వాన నీళ్లు చేరి రోగులను తరలించాల్సి వచ్చింది, గోషామహల్‌లో కొత్త ఆస్పత్రికి శంకుస్థాపన జరగడానికి 2025 వరకు పట్టింది. హాస్టళ్ల సంగతి సరేసరి. ముఖ్యంగా, అడగకపోతే ఎవరూ పిలిచి నేర్పరు. ముందుకు తోసుకెళ్లి "సార్, నేను చేస్తాను" అనలేని పిల్లలు అంత పెద్ద ఆస్పత్రిలో ఉండి కూడా ఏమీ నేర్చుకోకుండా బయటికి రావచ్చు.

ఎయిమ్స్ బలం సరిగ్గా అక్కడే. బ్యాచ్ చిన్నది, ప్రొఫెసర్ పేరుపెట్టి పిలుస్తారు. రికార్డులు, పరిశోధన పద్ధతి, కొత్త పరికరాలు అన్నీ క్రమంగా ఉంటాయి. ఎంబీబీఎస్‌లోనే చిన్న పరిశోధన చేసి పేపర్ రాసిన పిల్లలు కనిపిస్తారు. ఫీజు ఐదున్నరేళ్లకు కలిపి కూడా కొన్ని వేలే. పట్టా ఎయిమ్స్ పేరుమీదే వస్తుంది. విదేశాలకు వెళ్లాలన్నా, పరిశోధన వైపు పోవాలన్నా ఆ పేరు పనికొస్తుంది. ఢిల్లీ ఎయిమ్స్ వస్తే నన్నెవరూ అడగక్కర్లేదు, చేరిపోవడమే.

మంగళగిరిని, బీబీనగర్‌ని ఢిల్లీతో కలిపి ఒకే పేరుగా చూడకూడదు. మంగళగిరిలో మొదటి బ్యాచ్ 2018లో, బీబీనగర్‌లో 2019లో చేరింది. మంగళగిరి 960 పడకల ఆస్పత్రిగా తలపెట్టినది, ఓపీ ఏటా పెరుగుతోంది. కానీ అర్ధరాత్రి యాక్సిడెంట్ కేసు, ఫిట్స్‌తో వచ్చిన గర్భిణి, ఇలాంటి ఎమర్జెన్సీలు అలవాటుగా గుంటూరు ప్రభుత్వ ఆస్పత్రి జీజీహెచ్‌కో విజయవాడ పెద్దాసుపత్రికో పోతాయి. జనానికి అలాంటి అలవాటు దశాబ్దాల మీద ఏర్పడుతుంది. ఇంకో పదిహేనేళ్లకు ఈ పోలిక తిరగబడినా నాకు ఆశ్చర్యం లేదు. ఇప్పటికి మాత్రం, జనంలో పనిచేసే డాక్టర్ కావాలనుకునే పిల్లలకు ఆంధ్రా, ఉస్మానియా, గాంధీ, గుంటూరు వైపే నా మొగ్గు. బిడియస్తులు, చదువు మీదే మనసున్నవాళ్లు, పరిశోధన ఇష్టమున్నవాళ్లు ఎయిమ్స్‌లో బాగా రాణిస్తారు.

నా మాట నమ్మక్కర్లేదు, మీరే చూసి రండి. మామూలు పనిదినాన పొద్దున తొమ్మిదింటికి ఓపీ దగ్గర నిలబడండి, సాయంత్రం వార్డుల్లో ఎన్ని మంచాలు నిండాయో చూడండి. తర్వాత హౌస్ సర్జన్లను పట్టుకోండి. సెకండియర్ పిల్లలను అడిగితే హాస్టల్ భోజనం గురించే చెబుతారు. "లేబర్ రూమ్‌లో మీరు చేస్తారా, చూస్తారా? కుట్లు ఎవరు వేస్తారు? ఐసీయూలోకి రానిస్తారా? యూనిట్ చీఫ్ రౌండ్స్‌లో ప్రశ్నలు వేస్తారా?" ఇవి అడగండి. నలుగురు హౌస్ సర్జన్లు ఒకే మాట చెబితే దాన్ని నమ్మొచ్చు.

డీమ్డ్ యూనివర్సిటీలు: ఏడాదికి 20 లక్షలు దాటే ఫీజులు చాలాచోట్ల ఉన్నాయి. గవర్నమెంట్ సీటు చేతిలో ఉంటే ఆ ఆలోచనే వద్దు. కొత్త జిల్లా కాలేజీల్లో పాత జిల్లా ఆస్పత్రిని ఆనుకుని వచ్చినవి నయం, ఫ్యాకల్టీ ఎంత నిండిందో కనుక్కోండి. విదేశీ ఎంబీబీఎస్‌కి వెళ్తే తిరిగొచ్చి ఇక్కడ ప్రాక్టీస్‌కి అర్హత ఇచ్చే ఎఫ్‌ఎంజీఈ పరీక్ష పాస్ కావాలి, అక్కడి రోగుల భాషా రావాలి. అంతకు మించి చెప్పను.

ఒక సంస్థ పేరు అన్ని కోర్సులకూ ఒకేలా పనిచేయదు. హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రి మన దగ్గర ఎంత పెద్ద పేరైనా అక్కడ ఎంబీబీఎస్ లేదు, దాని బలం సూపర్ స్పెషాలిటీలు. బీఎస్సీ నర్సింగ్ 1946లోనే మొదలుపెట్టిన వేలూరు సీఎంసీ, నర్సింగ్‌కి పెద్ద మెడికల్ కాలేజీలు చాలావాటికంటే ముందుంటుంది. ఫార్మసీ ర్యాంకుల్లో ఏళ్లుగా ముందున్న జామియా హమ్‌దర్ద్ పేరు మన ఊళ్లలో చాలామంది వినే ఉండరు. కంటిచూపు పరీక్షల కోర్సు ఆప్టోమెట్రీ అంటే నేను మొదట ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి గురించే చెబుతాను. కాబట్టి సంస్థ పేరు అడిగేముందు కోర్సు పేరు చెప్పండి.

చివరగా ఆప్షన్ల విషయం. ఎయిమ్స్ సీట్లు కేంద్ర కౌన్సెలింగ్ కమిటీ ఎంసీసీ భర్తీ చేస్తుంది, రాష్ట్ర కోటా సీట్లు మన హెల్త్ యూనివర్సిటీలు. రెండు షెడ్యూళ్లూ పక్కపక్కన పెట్టుకోండి. ఒకచోట చేరాక ఏ రౌండ్ వరకు వదులుకోవచ్చో ఆ ఏడాది నోటిఫికేషన్‌లోనే చదవండి, పోయినేడు సీనియర్లు చెప్పిన మాట మీద ఆధారపడొద్దు. మా అన్నయ్య కూతురు ధైర్యస్తురాలు, మాట్లాడే పిల్ల. ఆమె చేత రాష్ట్ర కోటాలో మొదటి ఆప్షన్‌గా ఆంధ్రా, రెండోదిగా గుంటూరు పెట్టించాం.