పాలడిన్‌కి ఏ ప్రతిజ్ఞ మేలు: డివోషనా, వెంజెన్సా?

వైజాగ్‌లో మేం ఆదివారాలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాత్రలు వేసుకుని, డైస్ వేస్తూ కథ నడిపే ఆట) ఆడతాం. మా టేబుల్‌కి కొత్తగా వచ్చి పాలడిన్ (ప్రతిజ్ఞకి కట్టుబడే పవిత్ర యోధుడు) తీసుకున్నవాళ్లంతా, ప్రతిజ్ఞ ఎంచుకోవాల్సిన మూడో లెవెల్ దగ్గర ఆగి ఇదే అడుగుతున్నారు. తోటి ఆటగాళ్లలో ఎక్కువమంది వెంజెన్స్ (పగ) తీసుకోమంటారు. నేను డివోషన్ (నిష్ఠ) అంటాను.

ముందు వెంజెన్స్ బలం ఒప్పుకోవాలి. దాని శక్తి వావ్ ఆఫ్ ఎన్మిటీ వేసిన శత్రువు మీద నిమిషం పాటు ప్రతి దెబ్బకీ అడ్వాంటేజ్, అంటే ఇరవై ముఖాల డైస్ రెండు వేసి పెద్దది తీసుకోవడం. రెండు డైస్ వేస్తాం కాబట్టి 20 పడే అవకాశం నూటికి 5 నుంచి దాదాపు 10కి పెరుగుతుంది. అలా 20 పడటమే క్రిట్, అప్పుడు స్మైట్ (దెబ్బకి కలిపే దైవశక్తి) డైస్ కూడా రెట్టింపు. డివోషన్ వాళ్ల శక్తి సేక్రెడ్ వెపన్ కరిష్మా (వ్యక్తిత్వ బలం) బోనస్‌ని అటాక్ రోల్‌కి (దెబ్బ తగిలిందో లేదో తేల్చే డైస్‌కి) కలుపుతుంది. గురి కుదురుతుంది గానీ క్రిట్లు పెరగవు. అయితే ఆట నియమాల 2024 పుస్తకంలో స్మైట్ బోనస్ యాక్షన్ (టర్నులో దొరికే అదనపు చిన్న పని) అయిపోయింది, టర్నుకి ఒక్కటే. ఒకే టర్నులో రెండు దెబ్బలకీ రెండు స్మైట్లు కలిపి బాస్‌ని కూల్చే ఊపు ఇప్పుడు లేదు.

నా దృష్టిలో తేల్చేది డ్యామేజీ కాదు. శత్రువు కత్తి పడేసి చేతులెత్తితే మీ పాలడిన్ ఏం చేస్తాడన్నదే అసలు విషయం. భీమిలి డచ్చి సమాధుల్లాంటి చోట సాగిన ఒక సెషన్‌లో దొంగల ముఠా కుర్రాడొకడు దొరికిపోయాడు. వదిలేస్తానంటే సొరంగం దారి చెప్తానన్నాడు. డివోషన్ పాలడిన్ మాట ఇచ్చాడు. దారి తెలిశాక వాణ్ని చంపేద్దామని మా జట్టులోని రోగ్ (దొంగచాటు పనుల పాత్ర) పట్టుబట్టాడు. 2014 పుస్తకంలో డివోషన్ మొదటి నియమమే అబద్ధం ఆడకు, ఇచ్చిన మాట తప్పకు అని. అక్కడి నుంచి టేబుల్ మీద డైస్ కదల్లేదు, వాదన నడిచింది. అందరూ తమ క్యారెక్టర్ ఎవరో ఆలోచించి మాట్లాడారు. నేను ఈ ఆటకి వచ్చేది అందుకే.

వెంజెన్స్ నియమాలు మామూలు శత్రువుకి దయ చూపొచ్చంటాయి, పగబట్టినవాడికి మాత్రం చూపొద్దంటాయి. నిండు సభలో భీముడు పట్టిన పంతం లాంటిది అది. ఆ పంతానికి ఎదురుగా దుశ్శాసనుడు ఉండాలి, కథ కురుక్షేత్రం దాకా సాగాలి. మన టేబుళ్లలో అది కష్టం. గాజువాక నుంచి వచ్చేవాళ్లకి స్టీల్ ప్లాంట్ షిఫ్టులు మారుతుంటాయి, ఈ వారం ఉన్నవాళ్లు వచ్చే వారం ఉండరు. దాంతో డీఎంలు (కథ నడిపేవాళ్లు) ఒక్క పూటలో ముగిసే కథలే ఎక్కువగా నడుపుతారు. అలాంటి కథల్లో పగకి మనిషి దొరకడు, వెంజెన్స్ వట్టి అడ్వాంటేజ్‌గా మిగిలిపోతుంది. అబద్ధం ఆడననే నియమం మాత్రం ప్రతి ఆదివారం, ప్రతి కాపలావాడి ముందూ పరీక్షకి వస్తుంది.

డివోషన్ తీసుకుంటే పార్టీకి (మన జట్టుకి) అడ్డుపడతామేమోనని చాలామందికి భయం. ఆ భయం పాతకాలం నియమాల నుంచి వచ్చింది. 1978 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో పాలడిన్ లాఫుల్ గుడ్‌గానే (నియమం తప్పని మంచివాడిగానే) ఉండాలి, తెలిసి చెడ్డపని చేస్తే ఆ హోదా మళ్లీ రాదు. 2014 పుస్తకంలో ఆ అలైన్‌మెంట్ (పాత్ర నైతిక స్వభావం) కట్టుబాటు లేదు. ప్రతిజ్ఞ మీది, రోగ్‌ది కాదు. కాపలావాడికి రోగ్ కట్టుకథ చెప్తుంటే మీరు కాస్త దూరంగా నిలబడండి, మిమ్మల్నే అడిగితే అబద్ధం మాత్రం చెప్పకండి. రోగ్ జేబులు వెతకడం మీ పని కాదు.

ఏన్షియంట్స్ ప్రతిజ్ఞ కూడా మంచిదే. 2014 నియమాల్లో దాని ఏడో లెవెల్ ఆరా (చుట్టూ ఉండే రక్షణ వలయం) పక్కనున్నవాళ్లకి స్పెల్ డ్యామేజీని సగానికి తగ్గిస్తుంది, మాంత్రికులు ఎక్కువున్న క్యాంపెయిన్‌లో (చాలా సెషన్లు సాగే కథలో) అది పెద్ద అండ. గ్లోరీ, కాంక్వెస్ట్ ప్రతిజ్ఞలు మొదటి పాలడిన్‌కి వద్దు.

వెంజెన్స్ మీదే మనసుంటే మూడో లెవెల్‌కి రాకముందే డీఎంతో కూర్చోండి. మీ శత్రువు ఎవరు, ఏం చేశాడు, ఎక్కడుంటాడు అన్నవి తేల్చుకోండి. కనీసం రెండు మూడు నెలలు మానకుండా వచ్చే నలుగురిని చూసుకున్నాకే ప్రతిజ్ఞ చేయండి.