కర్నూలులో తొలి బాడుగ ఇల్లు: సి క్యాంపు దగ్గరి ఒక ఫ్లాటుపై సమీక్ష

కర్నూలులో ఇల్లు బాడుగకు తీసుకోదలచినవారు గదుల కొలతలకన్నా ముందు నీటి సంగతి విచారించాలని నా గట్టి నమ్మకం. సొంత ఇళ్ళలో పెరిగిన మేమిద్దరమూ ఉద్యోగరీత్యా ఈ ఊరికి వచ్చి, మొదటిసారిగా అపార్ట్‌మెంటులో కాపురం పెట్టాము. సి క్యాంపు రైతుబజారుకు నడిచి వెళ్ళగలిగినంత దూరంలో, ఐదంతస్తుల కట్టడంలో మూడో అంతస్తున ఉన్న రెండు పడకగదుల ఫ్లాటు ఇది. బాడుగ నెలకు 10,500 రూపాయలు, మెయింటెనెన్స్ 1,000 రూపాయలు, అడ్వాన్సు రెండు నెలల బాడుగ. ఒక వేసవి, ఒక వానాకాలం ఇక్కడ గడిపిన తరువాత రాస్తున్నాను కనుక, ఇల్లు చూడడానికి వచ్చిన రోజున కంటికి కనబడని విషయాలే ఇందులో ఎక్కువగా ఉంటాయి.

ఈ కట్టడానికి రెండు రకాల నీళ్ళు వస్తాయి. తుంగభద్ర మీది సుంకేసుల బ్యారేజీ నుంచి నగరానికి చేరే మున్సిపల్ నీరు కింద సంపులో పడుతుంది, బోరు నీరు నేరుగా మిద్దె మీది ట్యాంకుకు ఎక్కుతుంది. వంటగదిలో మున్సిపల్ నీటికి విడిగా కుళాయి ఉండడం ఈ ఫ్లాటులో నాకు అన్నిటికంటే నచ్చిన సౌకర్యం. బోరు నీళ్ళలో కందిపప్పు ఒక పట్టాన ఉడకదు, స్నానాల గది కుళాయిల చుట్టూ తెల్లటి సున్నపు పొర పేరుకుంటుంది, గీజరును ఏటా విప్పి శుభ్రం చేయించక తప్పదు. ఎండాకాలంలో నదిలో ప్రవాహం తగ్గి మున్సిపల్ సరఫరా పలచబడినప్పుడు అసోసియేషన్ వారు ట్యాంకర్లు తెప్పించారు. ఆ ఖర్చు మెయింటెనెన్సులో కలిసి లేదు. ఫ్లాటుకు ఇంత అని సమానంగా పంచుతారు. ఇద్దరున్న ఇంటికీ ఆరుగురున్న ఇంటికీ ఒకే లెక్క కట్టడం న్యాయం కాదని మేము సమావేశంలో చెప్పాము గానీ, ఇంకా నిర్ణయం కాలేదు. ఇక్కడ చేరేవారు అడ్వాన్సు ఇవ్వకముందే ఈ ఒక్క మాట తేల్చుకోవాలి.

ఎండ విషయంలో మూడో అంతస్తు మేలు చేసింది. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటడం ఈ ఊరికి మామూలే కాబట్టి, నెత్తిన మరో రెండు అంతస్తుల నీడ ఉండడం చిన్న విషయం కాదు. హాల్లో పరచిన బేతంచెర్ల బండలు మధ్యాహ్నం కూడా కాళ్ళకు చల్లగానే తగులుతాయి, వంటగదిలో కడప బండ గట్టు తుడుచుకోవడానికి హాయిగా ఉంది. పడమటి వైపు పడకగది మాత్రం రాత్రి పదింటిదాకా వేడిని విడవదు.

కాగితాల దగ్గర ఓనరు మర్యాదగా, ఓపికగా వ్యవహరించారు. ఒప్పందం అందరిలాగే పదకొండు నెలలకు రాసుకున్నాము. ఏడాదికి మించిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి గనుక ఈ అలవాటు దేశమంతటా స్థిరపడింది. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం కూడా నివాస గృహాలకు రెండు నెలల బాడుగకు మించి అడ్వాన్సు తీసుకోరాదని చెబుతున్నది కాబట్టి ఆ మొత్తంపై మాకు అభ్యంతరం లేకపోయింది. ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చు కింద ఒక నెల బాడుగ కోసుకుంటామన్న షరతును మాత్రం మేము ఒప్పుకోలేదు. సహజమైన అరుగుదలకు బాడుగదారు బాధ్యుడు కాడని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే చెబుతున్నదని వివరించి, చేరిన రోజే గోడలకూ తలుపులకూ ఫోటోలు తీసి పంపితే, అసలు నష్టం ఉంటేనే కోత అని ఆయన మార్చి రాశారు. ఇలా అడగడాన్ని తగవుగా భావించి వెనుకాడేవారు చాలామంది ఉన్నారు. నెమ్మదిగా, ముందుగానే అడిగితే కాదనే ఓనర్లు తక్కువేనని నాకు తోచింది.

కరెంటు మీటరు ఫ్లాటుకు విడిగా ఉంది. యూనిట్లు పెరిగేకొద్దీ పై స్లాబు రేటు పడుతుంది కాబట్టి, రెండు పోర్షన్లకు కలిపి ఒకే మీటరున్న ఇళ్ళను మేము మొదటే వదిలేశాము. సర్వీసు నంబరుతో పాత బకాయిలు లేవని చూసుకున్న తరువాతే తాళాలు తీసుకున్నాము.

ఈ ఊళ్ళో ఇంకొక ప్రశ్న తప్పక అడగాలి: 2009 అక్టోబరు వరదలో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి? తుంగభద్ర, హంద్రీ నీళ్ళు పాత బస్తీని ముంచిన ఆ రోజులను చూసినవారు ప్రతి వీధిలోనూ ఉన్నారు. మా వీధి వరకు రాలేదని పక్కింటి పెద్దమ్మ చెప్పిన మాట నాకు ఏ బ్రోకరు మాటకన్నా ఎక్కువ ధైర్యాన్నిచ్చింది.

లిఫ్టుకు జనరేటరు ఉంది, వాచ్‌మన్ కుటుంబం కిందనే ఉంటుంది, బైకుకు పార్కింగు దొరుకుతుంది. కారున్నవారికి ఇరుకే. ఐదో అంతస్తులో ఇదే కొలతల ఫ్లాటు వెయ్యి రూపాయలు తక్కువకు ఖాళీగా ఉంది. పై శ్లాబుకు వేసవిలోపు ఎండను తిప్పికొట్టే తెల్లటి కూల్ రూఫ్ పూత వేయిస్తానని దాని ఓనరు ఒప్పందంలో రాసి ఇస్తే తప్ప, దానిలో చేరమని నేను ఎవరికీ చెప్పను.