కావలి స్లిప్‌లో చేసిన మార్పు కోట స్లిప్‌లో తేలింది: ఆరేళ్ల గిట్ వాడకం తర్వాత

ఆరేళ్లుగా గిట్ (కోడ్‌లో ఎవరెవరు ఏం మార్చారో దాచి, ఆ మార్పులను కలిపే సాఫ్ట్‌వేర్) వాడుతున్నాను. ఇన్నాళ్లూ దాని మీద ఎవరినీ ఒక్క మాట అననివ్వలేదు. నిరుడు మావాడొకడు రిపోర్ట్స్ ఫోల్డర్‌ను స్లిప్స్ అని మార్చేశాడు. అప్పటికి నా బ్రాంచిలో, అంటే నేను విడిగా పనిచేసుకునే పాయలో, పాత పేర్ల మీద వారం రోజుల పని ఉంది. రీబేస్ కొడితే, అంటే నా మార్పులను అందరి తాజా కోడ్ మీద మళ్లీ పేర్చమంటే, ప్రతి మార్పూ కొత్త చోటు వెతుక్కుని వెళ్లి కూర్చుంది. ఆ రోజు కనిపించిన వాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయాను. ఇప్పుడు నా కోపమంతా పేరుమార్పును పసిగట్టే ఆ గుణం మీదే.

నెల్లూరులో ముగ్గురం కలిసి రొయ్యల కొనుగోలుదారులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తాం. గుంట దగ్గర పట్టుబడి అయ్యాక కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు), తూకం, తరుగు వేసి రైతు చేతికిచ్చే స్లిప్ మాదే. ఊరికో పద్ధతి కాబట్టి ఊరికో టెంప్లేట్ ఫైలు. 120 లైన్లలో తేడా ఉండేది పది లైన్లు.

కావలి ఊరి స్లిప్‌లో ట్రేకు అరకిలో నీటి తరుగు తీసేలా చిన్న మార్పు చేసి, వేరే పనిలో పడి పది రోజులు ఆ బ్రాంచిని ముట్టుకోలేదు. ఈలోపు మెయిన్‌లో (అందరి పనీ చేరే అసలు బ్రాంచి) కావలిని కామన్ స్లిప్‌లో కలిపేసి దాని ఫైలు తీసేశారు. నాలుగు రోజుల తర్వాత ఆ పాత ఫైలు కాపీతోనే కోట అనే ఊరికి కొత్త స్లిప్ తయారుచేశారు. ఆ తర్వాత నేను రీబేస్ చేశాను. కాన్‌ఫ్లిక్ట్ (రెండు మార్పులు ఢీకొంటే గిట్ ఆగి అడగడం) లేదు, హెచ్చరిక లేదు, సక్సెస్ అని ఒక్క లైను. కోట తరుగుకు మేం టెస్టు రాయలేదు కాబట్టి టెస్టులూ పాసయ్యాయి.

అప్‌డేట్ పంపిన మర్నాడు తెల్లారి ఐదింటికి కోట కొనుగోలుదారు ఫోన్. "ఏంది అబ్బయా, ట్రేకి అరకిలో యాడ పోతా ఉండాది? రైతు నా మీదకొస్తా ఉండాడు." వెనకే వాట్సాప్‌లో ఫోటో. తడి వేళ్ల మధ్య నలిగిన స్లిప్, నలభై ట్రేలు, కింద "నీటి తరుగు 20.000". కోటలో ఆ తరుగు లేనే లేదు. ఆ లైను నేను కావలి కోసం రాసింది.

గిట్ పేరుమార్పును ఎక్కడా రాసిపెట్టుకోదు. పేరు మార్చే గిట్ ఎంవీ కమాండ్ కొట్టినా దానికి అది ఒక ఫైలు తీసేసి ఇంకోటి చేర్చడమే. మెర్జ్ చేసేటప్పుడు (రెండు బ్రాంచిల పని కలపడం, రీబేస్ లోపల జరిగేదీ ఇదే) పోయిన ఫైళ్లనూ కొత్తగా వచ్చిన ఫైళ్లనూ పోల్చి, సగం పోలిక ఉంటే చాలు, ఇది అదే అనుకుంటుంది. మామూలు సెట్టింగ్‌లో ఆ హద్దు 50 శాతం. మధ్యలో ఎన్ని కమిట్లు (దాచిన మార్పులు) ఉన్నా పట్టించుకోదు. నా బ్రాంచి విడిపోయిన చోటు, మెయిన్ చివర, ఈ రెండే చూస్తుంది. నాలుగు రోజుల తేడాతో జరిగిన రెండు పనులు అందుకే దానికి ఒకే పేరుమార్పుగా కనిపించాయి. ఆ రెండు చోట్ల మధ్య ఏ ఫైలు ఏమైందో చూపే డిఫ్ --నేమ్-స్టేటస్ కొడితే ఎదురుగానే ఉంది: ఆర్091, కావలి, కోట. అంటే 91 శాతం పోలికతో కావలి పేరు కోటగా మారిందని.

కొత్త ఫైలు వేరే ఫోల్డర్‌లోకి వెళ్లిపోయే గొడవ వేరు. 2.18 వెర్షన్ నుంచి ఫోల్డర్ పేరు మారినా గిట్ గమనిస్తుంది, కానీ ఇప్పటి మామూలు సెట్టింగ్‌లో అక్కడ కాన్‌ఫ్లిక్ట్ చూపించి ఆగుతుంది. ఆగి అడిగితే నాకు పేచీ లేదు. ఫైలు దగ్గర మాత్రం అడగలేదు.

రీబేస్‌కు ముందున్న చోటును గిట్ గుర్తుపెట్టుకునే ఒరిగ్-హెడ్ నుంచి పాత బ్రాంచిని తెచ్చుకుని, పేరుమార్పులు వెతకొద్దని చెప్పే -ఎక్స్ నో-రీనేమ్స్ పెట్టి మళ్లీ రీబేస్ చేశాను. ఈసారి, నువ్వు మార్చిన ఫైలును అవతల తీసేశారు అంటూ ఆగింది. మొదటిసారే నాకు కావాల్సింది ఆ ఒక్క మాట.

ఇప్పుడు ఆ పోలిక హద్దును, ఫైండ్-రీనేమ్స్‌ను, 50 నుంచి 95కు పెంచుకున్నాను. ప్రతి రీబేస్ తర్వాత, ముందూ వెనకా మార్పులను పోల్చి చూపే రేంజ్-డిఫ్‌లో ఫైలు పేర్లు చదవందే పుష్ చేయను (అందరి రిపోలోకి పంపను). దీనికి నష్టమూ ఉంది. నిరుడు నన్ను మురిపించిన ఫోల్డర్ మార్పు లాంటిది మళ్లీ వస్తే, పేరుతో పాటు లోపల కూడా బాగా మారిన ఫైళ్లు ఆ 95 దగ్గర జారిపోతాయి, వాటిని చేత్తో సర్దుకోవాలి. ఒకే అచ్చు నుంచి దిగిన ఫైళ్లు మీ దగ్గర లేకపోతే 50తోనే హాయిగా ఉండొచ్చు, నేనూ ఐదేళ్లు అలాగే ఉన్నాను. మా రిపోలో మాత్రం, స్లిప్స్ ఫోల్డర్‌ను ముట్టుకున్న బ్రాంచి ఏదైనా నో-రీనేమ్స్‌తోనే రీబేస్ అవుతుంది.