నిమిషం వీడియోనా, ఇరవై నిమిషాలదా? పిల్లల సైన్సుకు ఏది మేలు?

బొబ్బిలిలో మా అక్క కొడుకు ఎనిమిదో తరగతి. వేసవి సెలవుల్లో యూట్యూబ్‌లో ఒక షార్ట్, అంటే చిన్న వీడియో, చూసి వంటింట్లోంచి గాజు సీసా తెచ్చుకున్నాడు. మూతి మీద ఊదితే ఈల వచ్చింది. నీళ్లు పోసేకొద్దీ స్వరం పెరిగింది. మర్నాడు మరో షార్ట్‌లో సీసాను చెంచాతో కొట్టారు. అక్కడ నీళ్లు పెరిగేకొద్దీ స్వరం దిగింది. "మావయ్యా, రెండింటిలో ఏది అబద్ధం?" అని అడిగాడు.

రెండూ నిజమే. ఊదినప్పుడు కంపించేది సీసాలోని గాలి. నీళ్లు పెరిగితే గాలికి చోటు తగ్గి స్వరం పైకెక్కుతుంది. కొట్టినప్పుడు కంపించేది గాజు. దానికి నీళ్ల బరువు తోడై కంపనం నెమ్మదిస్తుంది. ఈ సంగతి రెండు షార్ట్‌లలోనూ లేదు. ఇరవై నిమిషాల పాఠమొకటి వెతికి ఇద్దరం కూర్చుని చూస్తే అందులో దొరికింది.

అలాగని పెద్ద వీడియోకే ఓటు వేయను. దాన్నే ముందు చూపించి ఉంటే అయిదో నిమిషంలో లేచిపోయేవాడు. వాడి చేత సీసా పట్టించింది చిన్నదే. షార్ట్‌లతో నా పేచీ నిడివి గురించి కాదు. ఒక వింత మనసులో ఇంకకముందే వేలు ఇంకో వింతను లాక్కొస్తుంది, అదీ నా బాధ. 2024 అక్టోబరు నుంచి యూట్యూబ్ షార్ట్‌లు మూడు నిమిషాల దాకా ఉండవచ్చు. కారణం చెప్పడానికి అది ధారాళంగా సరిపోతుంది.

అందుకే ఇప్పుడు మా ఇంట్లో రోజుకు ఒకటే చిన్న వీడియో. చూసింది చేయాలి. ప్రశ్న పుట్టాకే పెద్దది. చిన్నవాటిలో నాకు సైన్సు ఆటబొమ్మలు చేసే అరవింద్ గుప్తా వీడియోలంటే ప్రాణం. పారేసే వస్తువులతో, చేతులు కనిపించేలా చేసి చూపిస్తారు. స్ట్రా పీపీ కూడా అలాంటి బొమ్మే. స్ట్రా చివర నొక్కి, రెండు పక్కలా కోసి మొన చేసి ఊదాలి. ఊదుతూనే అవతలి కొస కత్తిరిస్తూ పోతే స్వరం అంచెలంచెలుగా పెరుగుతుంది. మావాడు నాలుగు స్ట్రాలు పాడుచేసి అయిదోదానితో మోగించాడు.

ఆ ఆదివారం గొల్లపల్లి తీసుకెళ్లాను. ఒకే పనస దుంగను తొలిచి బొబ్బిలి వీణ చేసే ఊరు. అక్కడి పెద్దాయన తీగను ఒక్కో మెట్టు మీద నొక్కి మీటుతుంటే, మావాడు ఆయన వేలినే చూస్తున్నాడు. కాసేపటికి నా చేయి లాగి, "తీగ పొట్టిదవుతోంది మావయ్యా, మన స్ట్రాలాగే" అన్నాడు.