సోవియట్ సంఘమా, యుగొస్లావ్ కార్మిక మండలా, పోలండ్ సాలిడారిటీయా: కార్మికుడికి ఏది మేలు?

కార్మికుల రాజ్యమే వచ్చాక ప్రభుత్వ కార్మిక సంఘం చాలదా, వేరే సంఘం ఎందుకు అని పాఠకులు పదే పదే అడుగుతున్నారు. యజమానీ ప్రభుత్వమే అయినప్పుడు గొడవ వస్తే సంఘం ఎవరి పక్షాన నిలబడుతుందన్నదే నా దృష్టిలో అసలు గీటురాయి.

సోవియట్ సంఘాలు ఇచ్చినవి తక్కువేమీ కావు. 1933లో సామాజిక బీమా నిర్వహణ వాటి చేతికి వచ్చింది. అనారోగ్య భత్యం, విశ్రాంతి గృహాల పాసులు, పిల్లల వేసవి శిబిరాలు కార్మికులకు వాటి ద్వారానే అందేవి. కానీ అనుమతి లేకుండా ఉద్యోగం మానడాన్ని నేరంగా మార్చిన 1940 జూన్ ఉత్తర్వుకు మద్దతు పలికిందీ ఆ సంఘాల కేంద్ర మండలే. 1962లో నొవొచెర్కాస్క్ రైలింజన్ల కర్మాగారంలో పని కోటా పెంచి, అదే సమయంలో మాంసం, వెన్న ధరలు కూడా పెంచినప్పుడు, కార్మికులు సంఘాన్ని నమ్ముకోకుండా వీధిలోకి వచ్చారు. కాల్పుల్లో 26 మంది చనిపోయారు.

యుగొస్లావియా 1950 చట్టంతో సంస్థల్లో కార్మికులే ఎన్నుకునే మండళ్లను తెచ్చింది. ఆదాయ పంపకంలో వాటికి నిజంగానే కొంత మాట చెల్లేది కాబట్టి సోవియట్ పద్ధతికంటే ఇది మెరుగు. అయినా 1958 జనవరిలో త్రబోవ్ల్యే బొగ్గు గని కార్మికులు సమ్మెకు దిగాల్సి వచ్చింది. మండలి అధికారం తన సంస్థ గేటు దాటదు. ధరలను, దేశ విధానాన్ని నిర్ణయించే పాలక కమ్యూనిస్టు పార్టీని అది నిలదీయలేదు.

ఆ గేటు దాటింది పోలండ్ కార్మికులు. పదవీ విరమణకు అయిదు నెలల ముందు క్రేన్ ఆపరేటర్ అన్నా వాలెంటినోవిచ్‌ను తొలగించడంతో 1980 ఆగస్టు 14న గ్దాన్స్క్ లెనిన్ షిప్‌యార్డులో సమ్మె మొదలైంది. రెండు రోజులకే యాజమాన్యం జీతాల పెంపునకు ఒప్పుకోగా, సమ్మె నాయకుడు లెఖ్ వలేసా సమ్మె ముగిసిందని ప్రకటించాడు. మిగతా ఫ్యాక్టరీలవాళ్లను ఒంటరిగా వదిలేయవద్దంటూ వాలెంటినోవిచ్, నర్సు అలీనా పియెన్కోవ్‌స్కా గేట్ల దగ్గర నిలబడి, ఇంటికి వెళ్లిపోతున్నవారిని వెనక్కి మళ్లించారు. అలా పుట్టిన ఉమ్మడి సమ్మె కమిటీ 21 డిమాండ్లలో మొదటిది జీతం కాదు, పార్టీకీ యాజమాన్యానికీ లోబడని స్వేచ్ఛా సంఘాలు. ఆగస్టు 31న ప్రభుత్వం సంతకం చేసింది. అలా ఏర్పడిన స్వేచ్ఛా సంఘమే సాలిడారిటీ; దాని సభ్యత్వం సుమారు కోటికి చేరింది.

 

నా ఎంపిక సాలిడారిటీయే. 1981 డిసెంబరులో సైనిక పాలన విధించేదాకా అది పదహారు నెలలే నిలిచింది కదా అంటారు. నిజమే, 1982 అక్టోబరులో దాన్ని చట్టంతోనే రద్దు చేశారు. కానీ సభ్యులు తమకు తాముగా కట్టుకున్న సంఘం కావడంతో అది రహస్యంగా బతికింది, 1989 ఏప్రిల్‌లో అదే ప్రభుత్వం దానిని మళ్లీ నమోదు చేయవలసి వచ్చింది.