ఒక్క మైకుతో సోలో ఆల్బం: ఏళ్ల తరబడి వాడిన షూర్ ఎస్‌ఎం57

బరంపురంలో మా రాక్ బ్యాండ్‌కి లీడ్ గిటార్ వాయిస్తాను. బ్యాండ్ పనులు ఒక పక్క సాగుతుండగానే సొంతంగా ఒక ఆల్బం మొదలుపెట్టాను. పాటకో అతిథి. ఒకదాంట్లో సన్నాయి, ఒకదాంట్లో మృదంగం, ఇంకోదాంట్లో ఒడియాలో పాడే అమ్మాయి. గన్స్ ఎన్ రోజెస్ బ్యాండ్ గిటారిస్టు స్లాష్ 2010లో తన పేరుతోనే తెచ్చిన ఆల్బంలో ఓజీ ఆస్బోర్న్, క్రిస్ కార్నెల్, ఇగ్గీ పాప్ లాంటివాళ్ల చేత పాడించాడు. ఆ పద్ధతి నాకు ఎప్పటినుంచో ఇష్టం. నా దగ్గరున్నవి మేడ మీద గది, ల్యాప్‌టాప్, మైకుని ల్యాప్‌టాప్‌కి కలిపే రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్, ఒక ఎస్‌ఎం57 మైకు.

1965 నుంచి వస్తున్న డైనమిక్ మైకు ఇది. లోపల పల్చటి పొర, దానికి అంటుకున్న తీగచుట్ట, ఒక అయస్కాంతం. ఫాంటమ్ పవర్, అంటే కేబుల్‌లోంచి మైకుకి పంపే కరెంటు, దీనికి అక్కర్లేదు. గోపాలపురం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి మా ఇంట్లో తలుపు గొళ్లేలే తుప్పు పడతాయి. తేమ ఎక్కువైతే ఆ కరెంటుతో పనిచేసే సున్నితమైన కండెన్సర్ మైకులు చిటపటలాడతాయి. ఇది మాత్రం ఏ వానాకాలంలోనూ పేచీ పెట్టలేదు.

గిటార్ దగ్గర దీనికి తిరుగులేదు. ఆంప్ జాలీకి రెండు వేళ్ల దూరంలో, స్పీకర్ నడిబొడ్డుకి గురిపెడితే శబ్దం పదునుగా వస్తుంది. అంచు వైపు జరిపితే మెత్తబడుతుంది. మరీ దగ్గరికి తెస్తే బేస్ పెరుగుతుంది. ఒక్క అంగుళం జరిపితే వచ్చే తేడా, తర్వాత ఈక్వలైజర్ ముందు గంటసేపు కూర్చున్నా రాదు. కొత్త మైకు కొనేముందు ఉన్నదాన్ని జరిపి చూడమని అందరికీ చెప్పేది ఇందుకే.

సన్నాయి రికార్డింగే అసలు పరీక్ష. పెళ్లి మేళాల అలవాటుకొద్దీ మాస్టారు "సన్నాయి మూతి ముందు పెట్టు బాబూ, గట్టిగా పలుకుద్ది" అన్నారు. "ఒక్కసారి ఇలా వాయించి వినండి మాస్టారూ, నచ్చకపోతే మార్చేద్దాం" అని, అడుగున్నర దూరంలో, కాస్త పైనుంచి, వేళ్లు ఆడించే రంధ్రాల వైపు పెట్టాను. సన్నాయి నాదం గరాటు లాంటి ఆ మూతిలోంచే కాదు, ఆ రంధ్రాల్లోంచీ వస్తుంది. హెడ్‌ఫోన్స్‌లో విన్నారు. గమకం దగ్గర వేలు రంధ్రం మీద జారడం కూడా తెలుస్తోంది. ఏమీ అనకుండా సన్నాయి తీసుకుని అదే సంగతి ఇంకా నిదానంగా వాయించారు. ఆల్బంలో ఉన్నది ఆ టేకే.

మృదంగానికి రెండు పక్కలా మైకులుంటే మేలు. ఒక్కటే కాబట్టి పైనుంచి, కుడివైపుకి కొంచెం ఒరిగించి పెట్టాను. ఎడమవైపు గుంకీ, అంటే లోతుగా మోగే నాదం, కాస్త తగ్గింది, అయినా సహజంగానే ఉంది. మే నెల ఎండల్లో ఫ్యాన్ ఆపి వాయించమని పెద్దవాళ్లని అడగలేం. ఇది కార్డియాయిడ్ మైకు, వెనకవైపు శబ్దాన్ని బాగా తక్కువ తీసుకుంటుంది. అందుకని టేబుల్ ఫ్యాన్‌ని మైకు వీపు వైపు పెట్టి పని కానిచ్చాం.

లోపాలూ ఉన్నాయి. దీని సిగ్నల్ బలహీనం. ఆ అమ్మాయి గొంతు తగ్గించి పాడిన చోట సిగ్నల్‌ని పెంచే ఇంటర్‌ఫేస్ గెయిన్ దాదాపు చివరిదాకా తిప్పాల్సి వచ్చింది, దాంతో సన్నటి బుస మొదలైంది. మైకుకి దగ్గరగా జరగమని, ముందు ఫోమ్ తొడుగు పెడితే చాలావరకు సర్దుకుంది. వయొలిన్‌కి మాత్రం ఇది వద్దనే అంటాను. శబ్దపు కంపనాలు సెకనుకు 15,000 (హెర్ట్జ్) దాటితే ఇది అందుకోలేదు, పైగా 6,000 దగ్గర శబ్దాన్ని ఎత్తి చూపిస్తుంది. కమాను గీత చెవికి గరుగ్గా తగులుతుంది. వయొలిన్ పాటకి స్నేహితుడి కండెన్సర్ తెచ్చుకున్నాను.

కొనేవాళ్లకి ఒక మాట. మార్కెట్లో నకిలీలు చాలా తిరుగుతున్నాయి. అసలుది 284 గ్రాములుంటుంది, వీలైతే తూచి చూడండి. పెట్టెలో స్టాండ్ క్లిప్పు, జిప్పు సంచీ వస్తాయి. కేబుల్ రాదు, ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ (మూడు పిన్నుల మైకు కేబుల్) మంచిది చూసి విడిగా కొనుక్కోవాలి.